మా వంటింటి గట్టు కథ

2016లో సిడ్నీలో మా మొదటి ఇంటికి రాయి బిగించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. వెంట్‌వర్త్‌విల్‌లో చిన్న ఇల్లు. నాకప్పుడు ఏడో నెల. పలక వ్యాన్‌లోంచి దించి, మోసుకొచ్చి, అల్మరాల మీద పడుకోబెట్టాక చూస్తే కుళాయికి చిల్లు పెట్టనే లేదు. పెద్దాయన ఫోన్లో ఎవర్నో కేకలేసుకుంటూ బయటికి పోయాడు. కుర్రాడు గ్రైండర్ ప్లగ్గులో పెట్టాడు. అంతే, పది నిమిషాల్లో ఇల్లంతా పొగమంచు దిగినట్టు అయిపోయింది. నీళ్ళు పోయలేదు, వాక్యూమ్ పెట్టలేదు, ముక్కుకి గుడ్డయినా కట్టుకోలేదు. పనయ్యేసరికి వాడి జుట్టు, కనుబొమలు, చేతుల మీద వెంట్రుకలు కూడా తెల్లబడి, రోజంతా పిండిమరలో నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"అక్కా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు, తెలుగులో.

ఉలిక్కిపడ్డా. హాల్లో వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ చూసి పోల్చుకున్నాట్ట. అద్దంకి వాళ్ళది. చదువుకోడానికొచ్చి, ఫీజుల కోసం వారానికి రెండ్రోజులు ఈ పనికి వెళ్తున్నాడు. మాది ఒంగోలు అనగానే మొహం వెలిగిపోయింది. టీ పెట్టిచ్చా. కప్పులో పొడి పడుతుంటే ఊదుకుంటూ తాగాడు. వాళ్ళు వెళ్ళిపోయాక సంక్రాంతికి బూజు దులిపినట్టు పొడిగుడ్డ పట్టుకుని ఇల్లంతా దులిపాను. పౌడర్ కన్నా మెత్తగా ఉంది. అంత పొట్టేసుకుని, రెండ్రోజులు. ఆ అబ్బాయి పేరైనా అడగలేదు.

ఏడేళ్ళు గడిచాయి. 2023లో టూంగాబీలో పాత ఇటుకల ఇల్లు కొన్నాం. వంటిల్లు మార్చక తప్పని స్థితి. పాత ఓనర్లు వేయించిన గోధుమరంగు రాయికి సింకు మూల నుంచి గోడ దాకా వెంట్రుకంత చీలిక, స్టవ్ పక్కన గుండ్రంగా పసుపుపచ్చ మచ్చ. వేడి మూకుడు దించిపెట్టిన గుర్తు. రాయి కూడా కాలుతుందా అనుకున్నా. కాలింది రాయి కాదు, దాన్ని పట్టి ఉంచిన జిగురు.

ఇక్కడ ఇంజనీర్డ్ స్టోన్ అంటారు, మన దగ్గర షాపుల్లో క్వార్ట్జ్ అంటే తెలుస్తుంది. పలుగురాయిని నలగ్గొట్టి, పిండి చేసి, రెజిన్ అనే జిగురు, రంగులు కలిపి, గాలి తీసేసిన ప్రెస్సులో అదిలిస్తూ నొక్కి, వేడి పెట్టి గట్టిపరుస్తారు. మన విశాఖ పక్కన అచ్యుతాపురంలోనూ, హైదరాబాద్ అవతల మేకగూడలోనూ ఈ పలకలు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి, ఎక్కువ సరుకు అమెరికాకి పోతుంది. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో కరెంటు పోయిన రాత్రుళ్ళు రెండు పలుగురాళ్ళు రాపాడించి లోపల మెరుపులు చూసేవాళ్ళం. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదోరకం మాడు వాసన. ఆ రాయే ఇది. దాంట్లో ఉన్నదంతా స్ఫటిక సిలికా. క్వార్ట్జ్ పలకల్లో అది 90 శాతం దాటి ఉండొచ్చు. గ్రానైట్‌లో 30 శాతానికి అటూ ఇటూ, పాలరాయిలో బహు తక్కువ.

గట్టుగా పడున్నప్పుడు అది ఎవర్నీ ఏం చెయ్యదు. కోసినప్పుడే గొడవంతా. మనం చూసి ముక్కు మూసుకునే తెల్లటి దుమ్ము కాదు, అందులో కంటికి ఆనని భాగం ఉంటుంది, అది ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడ గట్టి మచ్చలు కట్టిస్తుంది. సిలికోసిస్. నయం చేసే మందు లేదు, ముదిరితే ఊపిరితిత్తులు మార్చాల్సి రావొచ్చు. పూర్వం గనుల్లో ఇరవై ముప్పై ఏళ్ళు పనిచేసినవాళ్ళ జబ్బు అది. ఇక్కడ బెంచ్‌టాప్‌లు, అంటే వంటింటి గట్లు, కోసే కుర్రాళ్ళకి పదేళ్ళ లోపే వచ్చేసింది. 2018లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం గట్టిగా హెచ్చరించేదాకా మాలాంటి కొనేవాళ్ళకి ఈ సంగతే తెలీదు. జాతీయ స్థాయిలో వేసిన డస్ట్ డిసీజ్ టాస్క్‌ఫోర్స్ 2021లో ఇచ్చిన నివేదికలో, 2018కి ముందు నుంచీ ఈ పనిలో ఉన్నవాళ్ళలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి సిలికా దుమ్ము వల్ల వచ్చే జబ్బు ఉందని తేలింది. ఆ ముక్క చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఊదుకుంటూ తాగిన ఆ టీ కప్పు.

నేను ఇదంతా ముందే చదివేసి జాగ్రత్తపడ్డానని కాదు. 2023 నవంబర్లో మేం కొటేషన్ తీసుకున్నది క్వార్ట్జ్‌కే. తెల్లగా, బూడిదరంగు చారలతో, చుట్టాలిళ్ళలో అందరికీ ఉన్నదే. ఆ నెల్లోనే బన్నింగ్స్ అనే పెద్ద హార్డ్‌వేర్ షాపులవాళ్ళు, ఐకియా ఇక ఈ రాయి అమ్మబోమన్నాయి. డిసెంబర్ 13న అన్ని రాష్ట్రాల, కేంద్ర ప్రభుత్వ మంత్రులూ కూర్చుని 2024 జూలై 1 నుంచి ఇంజనీర్డ్ స్టోన్ తయారీ, అమ్మకం, కోత, బిగింపు అన్నీ నిషేధం అని తేల్చేశారు. ప్రపంచంలో మొదటి దేశం ఇదే. దిగుమతి మీద నిషేధం 2025 జనవరి 1 నుంచి. సిలికా 40 శాతానికి తగ్గించిన పలకలకైనా అనుమతివ్వమని కంపెనీల వాళ్ళు అడిగారు. ఇంత తక్కువైతే సురక్షితం అనడానికి ఆధారమే లేదని పనివాళ్ళ భద్రత చూసే జాతీయ సంస్థ సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా అంది.

ఆ రాత్రి మా తెలుగు వాట్సాప్ గ్రూపు మోగిపోయింది. "వదినా, మా గట్టు మీద చపాతీపిండి కలపొచ్చా?" అని ఒకావిడ. "పగలగొట్టించేద్దాం అంటున్నారు మావారు" అని ఇంకొకావిడ. పగలగొడితేనే ప్రమాదం తల్లీ, అలా వదిలేయ్, తుడుచుకుని వాడుకో, చిల్లు పెట్టడాలు, గీకడాలు మాత్రం నువ్వు చెయ్యకు అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పటికీ నెలకొకరు అడుగుతారు.

జనవరిలో కిచెన్ కంపెనీ సేల్స్‌మన్ ఫోన్ చేశాడు. ఉన్న పలకలు తగ్గింపు ధరకిస్తాం, మే లోపల బిగించేస్తాం అన్నాడు. మా ఆయన లెక్కలేసి "జూన్ 30 దాకా చట్టప్రకారం తప్పు లేదుగా" అన్నాడు. నేనూ సరే అన్నా. ఆ నెలల్లో సిడ్నీలో చాలామంది చేసింది అదే, పెళ్ళి ముహూర్తాలు అయిపోతున్నట్టు పరుగులు. అడ్వాన్స్ కూడా కట్టేశాం.

తర్వాత కొలతలకి ఒక మేస్త్రీ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, లెబనాన్ మూలాలున్న మనిషి, లేజర్ పెట్టె మూడు కాళ్ళ స్టాండ్ మీద పెట్టి గోడలు కొలుస్తున్నాడు. గోడ ఎక్కడ వంకరుందో చూసి నవ్వుకుంటున్నాడు. ఊరికే మాట కలిపాను: ఈ నిషేధం వల్ల మీకు పని పోతుందేమో కదా అని. కొలత రాసుకుని, పెన్సిలు చెవిలో పెట్టుకుని, జూలై రేపే వస్తే బాగుండన్నాడు. వాళ్ళ షాపులో ఏడుగురు ఉండేవారట, ఇద్దరు మానేశారు, మానేశారంటే పని చెయ్యలేక. తనకి సీటీ స్కాన్ తీశారు, ఇప్పటికైతే బాగానే ఉంది, ఏడాదికోసారి చూపించుకోవాలి. మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పనివాళ్ళ బీమా చూసే ఐకేర్ వాళ్ళ లంగ్ బస్ ఒకటి తిరుగుతుంటుంది, పనివాళ్ళ దగ్గరికే వచ్చి ఊపిరితిత్తులు పరీక్ష చేస్తుంది. మొదటిసారి అందులోకి ఎక్కినప్పుడు వెనక్కి దిగి పారిపోదామనిపించిందట. ఇదంతా బాధగా చెప్పలేదు. కారు సర్వీసింగ్ సంగతి చెప్పినట్టు చెప్పాడు. మళ్ళీ లేజర్ దగ్గరికెళ్ళి, సింకు ఎన్ని మిల్లీమీటర్లో అడిగాడు.

ఆ సాయంత్రం మా ఆయనకి అద్దంకి అబ్బాయి సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడానికి ఏముందని. ఆర్డర్ రద్దు చేసుకున్నాం. అడ్వాన్స్‌లో సగం ఆ కంపెనీ ఉంచేసుకుంది, కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. దాని మీద నాకు ఇప్పటికీ మంటే.

ఇక అసలు వెతుకులాట. వారం వారం షోరూములు. ఒక్కో దగ్గర ఒక్కో మాట. ఒకచోట "క్వార్ట్‌జైట్ తీసుకోండి, సహజమైన రాయి, నిషేధం లేదు" అన్నారు. నిజమే, నిషేధం లేదు. కానీ అది కొండలో గట్టిపడ్డ పలుగురాయే, సిలికా క్వార్ట్జ్ పలకతో పోటీపడుతుంది. పేరు చివర ఒక ముక్క తగిలిస్తే మేస్త్రీ ఊపిరితిత్తులకి తేడా ఏం తెలుస్తుంది? ఇంకోచోట "జీరో సిలికా" బోర్డు. చట్టం గీసిన గీత స్ఫటిక సిలికా 1 శాతం, దానికంటే తక్కువుంటే ఇంజనీర్డ్ స్టోన్ కింద లెక్కే కాదు. అందుకని పలుగురాయి బదులు గాజు ముక్కలు వాడి అలాంటి పలకే చేస్తున్నారు. గాజులోనూ సిలికానే, కాకపోతే స్ఫటికంగా ఉండదు. అబద్ధం కాదు, కానీ జిగురు పాతదే, వేడి మూకుడు పెడితే పాత మచ్చే.

నమూనా ముక్కలు అడిగితే ఇస్తారు. ఐదు రకాలు తెచ్చి లాండ్రీలో వరసగా పేర్చి, మన పరీక్ష పెట్టాను: తడి పసుపు, చింతపండు గుజ్జు, నిమ్మచెక్క, గోంగూర పచ్చడి నూనె, పోపు వేసి దించిన మూకుడు. రాత్రంతా ఉంచేశా. పొద్దున పాలరాయి మీద నిమ్మచెక్క పెట్టినచోట గుండ్రంగా మెరుపు పోయింది, ఎంత తుడిచినా అంతే. యాక్రిలిక్ పలకకి పసుపు పట్టింది, స్క్రబ్బర్‌తో రుద్దితే వదిలింది, మూకుడు మాత్రం దాని దరికి చేరనివ్వకూడదు. లామినేట్, అంటే చెక్క మీద ప్లాస్టిక్ పొర అతికించినది, దాని మీద పసుపు మరక వారం ఎండలో పెడితే వెలిసిపోయింది, మూకుడుకి పొర ఉబ్బింది. గాజు ముక్కల పలకని పచ్చళ్ళేం చెయ్యలేదు, వేడికి లేత పసుపు నీడ పడింది. పోర్సలిన్, అంటే పింగాణీ పలక, దాని మీద ఏమీ లేదు. ఒక తడిగుడ్డతో తుడిస్తే కొత్త ముక్క. నేను సంబరపడుతుంటే మా ఆయన పచ్చడిబండ తెచ్చి అంచు మీద టక్కున ఒకటేశాడు. గోరంత పెచ్చు ఎగిరింది.

పోర్సలిన్ అసలు సంగతి అదే. పైన పాలరాయిలా కనపడే చారలు అచ్చేసిన బొమ్మ, పెచ్చు లేస్తే లోపలిది వేరే రంగు. 12 మిల్లీమీటర్ల పలక, అంచు లావుగా కనపడాలంటే రెండు ముక్కల్ని 45 డిగ్రీల్లో కోసి అతికిస్తారు. సింకు చిల్లు మూలలు చదరంగా కొయ్యకూడదు, గుండ్రంగా తిప్పాలి, లేకపోతే అక్కడి నుంచి పగులు పుడుతుంది. నెమ్మదిగా కోయాలి, అనుభవమున్న చెయ్యి కావాలి, అందుకని పలక ధర కన్నా కూలి ఎక్కువ. అందులోనూ ఎంతో కొంత సిలికా ఉంటుంది. రెజిన్ లేదు కాబట్టి నిషేధంలోకి రాలేదు, అంతే.

ఇన్ని తిరిగాక నాకు ఒకటి అర్థమైంది. షోరూముల్లో "సేఫ్" అనే మాట నన్ను చూసి అంటున్నారు, నా పిల్లలకి, నా చపాతీపిండికి సేఫ్ అని. నాకు ఏ రాయితోనూ ప్రమాదం లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే. అప్పట్నుంచి వెళ్ళిన ప్రతిచోటా ఒకటే అడిగాను: ఎక్కడ కోస్తారు, నీళ్ళు పెట్టి కోస్తారా, మా ఇంట్లో కోయాల్సొస్తే ఏం చేస్తారు? ఒకడు నవ్వాడు. ఒకావిడ అది మా పని, మీకెందుకన్నట్టు చూసింది. ఒక చిన్న షాపాయన మాత్రం "శుక్రవారం రండి, చూద్దురు" అన్నాడు.

శుక్రవారం వెళ్ళాం. సెవెన్ హిల్స్ ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు. మొదట కాలికి తగిలింది నీళ్ళు. నేలంతా తడి, సన్నటి కాలవలు, అందరికీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. పెద్ద రంపం బ్లేడు మీద రెండు వైపులా నీళ్ళు పారుతూ, బూడిదరంగు బురద కిందికి జారుతోంది. మనుషుల తలకి హెల్మెట్‌లాంటి మాస్కులు, నడుముకి చిన్న ఫ్యాను పెట్టె, అందులోంచి శుభ్రమైన గాలి పైపు ద్వారా మొహానికి. ఒకతని కాలరుకి చిన్న గొట్టం తగిలించి ఉంది. ఏంటని అడిగితే గాలిలో సిలికా దుమ్ము కొలిచేది. ఎనిమిది గంటల సగటు మీద ఘనపు మీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. పిడికెడు ఉప్పులో ఒక రవ్వ కూడా అంతకన్నా బరువుంటుందేమో. సెప్టెంబర్ నుంచి రూల్స్ ఇంకా గట్టివవుతాయి, క్వార్ట్జ్ ఒక్కటే కాదు, సిలికా ఉన్న ఏ రాయి కోసినా, ఇటుక కోసినా వర్తిస్తాయి అన్నాడాయన. కొంచెం విసుగు, కొంచెం గర్వం.

బయటికొస్తుంటే షెడ్డు పక్కన పలకల వరసలు. మూడో వరసలో, నల్లగా, బంగారు చుక్కలతో ఒకటి. దగ్గరికెళ్ళి అంచు మీద రాసింది చూశాను: బ్లాక్ గెలాక్సీ, ఇండియా.

ఇండియా ఏంటి, మా చీమకుర్తి! ఒంగోలు నుంచి 20 కిలోమీటర్లు. ఈ రాయి పుట్టేది అక్కడే. మా చిన్న మామయ్య ముప్పై ఏళ్ళు అక్కడే పాలిష్ ఫ్యాక్టరీలో చేశాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే రోడ్డు పొడుగునా లారీల మీద గుడంత బ్లాకులు, గొలుసులతో కట్టి. షాపాయన నాకు ఆ రాయి గొప్పతనం చెప్పబోతుంటే మా ఆయన పక్కకి తిరిగి నవ్వాపుకుంటున్నాడు. అయితే షాపాయన చెప్పిన ఒక మాట మాత్రం నాకు తెలీదు. వ్యాపారంలో గ్రానైట్ అంటారుగానీ అది గ్రానైట్ కాదట, గాబ్రో జాతి రాయి, పలుగు శాతం చాలా తక్కువ. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. ఇంటికొచ్చి చదివితే నిజమే. మామయ్యకి ఫోన్ చేశాను.

"గెలాక్సీనా? అక్కడ ఎంతకమ్ముతున్నారే?" అన్నాడు మొదట. గాబ్రో సంగతి చెప్తే "ఏమోనమ్మా, మాకు అన్నీ గ్రానైటే" అన్నాడు. తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. బ్లాకులు కోసే గ్యాంగ్‌సా దగ్గర నీళ్ళు పారుతూనే ఉంటాయి, అక్కడ బాధ లేదు. అంచుల పనే. చేతి మెషిన్‌తో, పొడిగా, ఎండలో కూర్చుని. నల్లదొక్కటే కాదు, కరీంనగర్ నుంచి గోధుమరంగుది, ఎక్కడెక్కణ్ణించో ఎర్రది, తెల్లది, ఏదొస్తే అది. మూతికి తువ్వాలు చుట్టుకునేవాళ్ళు. "సాయంత్రం తువ్వాలు జాడిస్తే అచ్చం విభూదే. మీ అత్త తిట్టేది, విడిగా ఉతకాల్సొస్తోందని." దగ్గు గురించి అడిగాను. "ఉంది, లేదంటే ఏం లాభం. చలికాలం ఎక్కువ. చుట్ట మానెయ్యమన్నాడు డాక్టరు. నేను చుట్ట ఎప్పుడు కాల్చానే?" అని నవ్వాడు.

చివరికి ముందు వంటింటికి పోర్సలిన్, వెనక లాండ్రీలో సగం కలుపుకుని చేసుకున్న మసాలా వంటగదికి గెలాక్సీ. గ్రైండరు, రోలు, మూకుడు, చేపల కోత అన్నీ వెనకే కాబట్టి దెబ్బలకి తట్టుకునే రాయి అక్కడుండాలి. మిగిలిన లాండ్రీ సగానికి లామినేట్, దానికి ఎవరూ వంక పెట్టలేదు. మొత్తం ఖర్చు మొదటి క్వార్ట్జ్ కొటేషన్ మీద సగానికి సగం పెరిగింది. పోయిన అడ్వాన్సు వేరే.

పాత గట్టు తీయడం అనుకున్నంత తేలిక కాదు. పాతవి తీయొచ్చు, బాగుచెయ్యొచ్చు, పారెయ్యొచ్చు, నిషేధం అడ్డురాదు, కానీ దానికీ పద్ధతుంది, చేసే కంపెనీ ముందుగా మా రాష్ట్రంలో పనివాళ్ళ భద్రత చూసే సేఫ్‌వర్క్‌కి తెలియజేయాలి. సుత్తెలతో బాదడం ఉండదు. కత్తితో సిలికాన్ కోసుకుంటూ వెళ్ళి, అల్మరా పైనుంచి ముక్కలు ముక్కలుగా కాకుండా పలక పలకగానే లేపారు. చీలిక దగ్గర మాత్రం విరిగింది. విరుగుతుందని ముందే ఆ చోట తడిపి, ప్లాస్టిక్ చుట్టి పెట్టారు.

ఆ తర్వాత ఐదు వారాలు మా వంట గ్యారేజీలో. జూలై చలి. పిల్లల పింగ్‌పాంగ్ బల్ల మీద ఇండక్షన్ స్టవ్, నెట్‌కి అటు కూరగాయలు, ఇటు అన్నం కుక్కరు. రెండు వారాలు అనుకున్నది ఐదెందుకయ్యాయంటే, పోర్సలిన్ పెద్ద పలక మా గుమ్మంలోనే పోయింది. నలుగురు పట్టుకుని మెట్టెక్కుతుండగా చిన్న చప్పుడు, వేరుశెనక్కాయ ఒలిచినంత. సింకు చిల్లు మూల నుంచి అంచు దాకా గీత. ఎవరూ మాట్లాడలేదు. ఆ షాపాయన వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని మూల మీద వేలు రాసి చూసి, ఇంకొంచెం గుండ్రంగా తిప్పాల్సింది, తప్పు మాదే అన్నాడు. కొత్త పలక ఖర్చు తన మీదే వేసుకున్నాడు. ఆ మూడు వారాల్లో నాకు కోపం రాలేదంటే అబద్ధం. గ్యారేజీలో పెసరట్లు పోస్తూ చాలాసార్లు క్వార్ట్జ్ పలకల్ని తల్చుకున్నా.

రెండోసారి అంతా సవ్యంగా దిగింది. వెనక గదిలో గెలాక్సీ పెట్టేటప్పుడు కుళాయి చిల్లు అక్కడే పెట్టాల్సొచ్చింది, పైపు మేం అనుకున్న చోట రాలేదు. మళ్ళీ కుళాయి చిల్లే! నేను గుమ్మంలో నిలబడిపోయా. మేస్త్రీ ముందు నన్ను బయటికెళ్ళమన్నాడు. వెళ్ళలేదు, అద్దాల తలుపు అవతల నిలబడ్డా. చిల్లు పెట్టే చోటు చుట్టూ మెత్తటి బంకమట్టితో కట్ట కట్టాడు, మన చేలో మడిగట్టులా. అందులో నీళ్ళు పోశాడు. తోడున్న కుర్రాడు వాక్యూమ్ గొట్టం పక్కన పట్టుకున్నాడు. ఇద్దరికీ మాస్కులు. డ్రిల్లు మొదలుపెడితే నీళ్ళు ముందు మబ్బుగా మారి, తర్వాత నల్లటి పెరుగులా చిక్కబడ్డాయి. ఒక్క రవ్వ గాల్లోకి లేవలేదు. పనయ్యాక ఆ బురదని స్పాంజితో ఎత్తి బకెట్‌లో పిండి, మూత పెట్టి వ్యాన్‌లోకి తీసుకెళ్ళారు. ఎండితే మళ్ళీ దుమ్మే కదా.

నేను అలవాటు కొద్దీ పొడిగుడ్డ తీసుకుని గట్టు తుడవబోయా. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. తడిగుడ్డ, అన్నాడు.

ఆ రోజు రాత్రి వీడియో కాల్. మామయ్య అమ్మ దగ్గరే ఉన్నాడు ఒంగోల్లో.

"ఫోను దగ్గరికి పెట్టవే. ఇంకా. అంచు చూపించు."

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు.

"పాలిష్ బాగా పట్టింది. అంచు కూడా నీట్‌గా తిప్పాడు. నీళ్ళు పోసే కోశారా?"

"నీళ్ళతోనే మామయ్యా. దగ్గరుండి చూశా."

"మూతికి?"

"మాస్కులున్నాయి. గాలి పంపు కూడా."

మామయ్య ఇంకేం అడగలేదు. ఫోను అమ్మ చేతిలోకి మారిపోయింది. ఎంతయిందే అంది. దాచడమెందుకని రూపాయల్లోకి మార్చి చెప్పాను.

"రాయికా!" అంది అమ్మ. "అరగంట బస్సెక్కితే చీమకుర్తి. ఆ డబ్బిస్తే క్వారీ రాసిచ్చేవాళ్ళు కదే."